నాన్న పోనీ అన్న మోటార్లు

"సరే, నోరు విప్పకు. కానీ ఆ కంపెనీ ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే నేనేం చెప్పాలో అదైనా చెప్పి ఏడు," అంది అమ్మ.

అమ్మడు ఉతికిన బట్టలు మడత పెడుతోంది. నాన్న యూనిఫారం చొక్కా చేతులు వెనక్కి మడిచి, కాలరు సరిచేసి, దొంతర మీద పెట్టింది. ఇంకో చొక్కా అందుకుంది.

"ఇంకా ఆలోచిస్తున్నానని చెప్పు."

"మొన్న అదే చెప్పాను. నిన్నా అదే చెప్పాను. మన ఇంట్లో అందరం కూర్చుని ఇంత ఆలోచిస్తామని ఆవిడ అనుకుని ఉండదు. చదువు పూర్తవకముందే పిలిచి ఉద్యోగం ఇస్తామంటే ఇందులో తేల్చుకోవడానికేముందే?"

లిఫ్టులు బాగుచేసే మేనమామ పని దగ్గరనుంచి తిన్నగా వచ్చి, పనిముట్ల సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. టీ తాగడం అయిపోయింది. గ్లాసు మాత్రం వదలలేదు.

"కాలేజీలో ఎవడైనా నచ్చాడేమో కనుక్కో అక్కా. వాడికి ఉద్యోగం రాకుండా తనకొస్తే బాగోదని ఆగిందేమో."

"నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదు కదరా."

"మంచి మాటే అన్నాను. నేనైతే నీ మరదలికి ఉద్యోగం వస్తే ఎగిరి గంతేసేవాణ్ణి."

అతని భార్య అమ్మకి మరదలు. ఉద్యోగం సంగతి ఆమె చెవిన పడితే ఎవరు గంతేస్తారో ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకోరోజైతే అమ్మడు నవ్వేది. ఇప్పుడు నవ్వాలని తెలుసు గానీ నవ్వు రాలేదు. కాలేజీవాళ్ళతో టెక్నాలజీ కంపెనీ చూసి వచ్చినప్పటినుంచీ ఇంతే. ఆకలి వేస్తే తింటోంది. నిద్ర వస్తే పడుకుంటోంది. మధ్యలో ఏమీ లేదు.

నాన్న తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"ఫ్యాక్టరీలో అందరికీ చెప్పేశాను," అన్నాడు. "మా అమ్మాయి ఒక్కసారి విని మోటారులో లోపం పట్టేసిందని. మా సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? ఆస్తిపాస్తులు ఇవ్వకపోయినా చెవులిచ్చావు కదయ్యా, చాలు అన్నాడు."

"ఆ చెవులు ఇచ్చినందుకైనా మీ మాట వింటుందేమో, అడగండి," అంది అమ్మ.

"ఏంటీ?"

అమ్మ రెండడుగులు వేసి ఆయన కుడిపక్కకి వచ్చింది. "మీరైనా అడగండి అంటున్నా."

"దాన్ని తొందరపెట్టకు. పెద్ద కంపెనీ. ఆలోచించుకోనీ." నాన్న కూతురి వైపు చూశాడు. "కానీ అమ్మడూ, ఒక్క మాట. వినే పని తక్కువ పని అనుకోకు. మొన్న మీ క్లాసువాళ్ళంతా నేను మోటార్లు వినే గది చుట్టూ మూగి చూశారు కదా. నా మీద మైకు పెట్టి రోజంతా రికార్డు చేసుకుంటున్నారు. కొత్తగా చేరేవాళ్ళకి పాఠాలు చేస్తారట. మేనేజరు వచ్చి చెయ్యి కలిపి వెళ్ళాడు."

"తెలుసు నాన్నా."

"తెలిస్తే మరి దిగులెందుకు?"

"దిగులేం లేదు."

నిజంగానే లేదు. అదే ఆమెకి అర్థం కావడం లేదు.

మేనమామ గ్లాసు కింద పెట్టాడు. "బావా, పాఠాలంటే గుర్తొచ్చింది. ఏమీ అనుకోకు. మీ తలుపు మోటార్లు ఈ మధ్య బాగుండట్లేదు."

లిఫ్టు తలుపుల్ని తెరిచి మూసే చిన్న మోటార్లు నాన్న ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. మేనమామ వాటిని బిగిస్తాడు. ఇద్దరికీ అది ముందునుంచీ వేళాకోళాల సరుకు. ఈసారి మేనమామ గొంతులో వేళాకోళం లేదు.

"బిగించడం చేతకాకపోతే ఏ మోటారైనా బాగుండదు," అన్నాడు నాన్న.

"బిగించకముందే కీచుమంటోంది. డబ్బాలోంచి తీసి, వైరు తగిలించి, నేలమీద పెట్టినా కీచుమంటోంది. మొన్న ఒక ముసలావిడ తలుపు మధ్యలో ఇరుక్కుంది. దెబ్బేం తగల్లేదు, భయపడింది. ఆ మోటారు పెట్టి ఎంతోకాలం కాలేదు."

"నేను వినకుండా ఒక్క మోటారు గేటు దాటదు."

"అదే అంటున్నా బావా."

మేనమామ తను అన్న మాట తనకే వినిపించినట్టు తల దించుకుని సంచీ జిప్పు లాగాడు. తెరిచి ఉన్నది మూసి, మళ్ళీ తెరిచాడు.

"అంటే ఏంటి నీ ఉద్దేశం?" అన్నాడు నాన్న.

"ఉద్దేశం ఏముంది? పని ఎక్కువై అలిసిపోతున్నావేమోనని."

"నీ లిఫ్టుల్లో జనం ఇరుక్కుంటే అలిసిపోయింది నేనా?"

"ఒరేయ్, నువ్వు ఇంటికి వెళ్ళరా," అంది అమ్మ.

"వెళ్తాడులే. నా ఇంట్లో టీ తాగి నాకే పని నేర్పాడు కదా, ఇంక వెళ్తాడు." నాన్న లేచి చొక్కా తొడుక్కున్నాడు. బొత్తాలు ఒకటి పైకి ఒకటి కిందకి పడ్డాయి. అలాగే చెప్పులేసుకుని మెట్లు దిగాడు.

మేనమామ అక్కవైపు చూశాడు. "నేను అనకూడనిది ఏమన్నాను?"

"ఏమీ అనలేదు. వెళ్ళు."

అతను వెళ్తూ వెళ్తూ అమ్మడి తలమీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

అమ్మడు చివరి తువ్వాలు మడిచింది. మూలలు కలవలేదు. విప్పి మళ్ళీ మడిచింది.

*

కాలేజీవాళ్ళు ముందు తీసుకెళ్ళింది నాన్న పనిచేసే ఫ్యాక్టరీకే.

రాగి తీగ చుట్టే యంత్రాలు, వార్నిషు వాసన, నేలమీద పసుపు గీతలు. గీత దాటొద్దని గార్డు ప్రతి మలుపులోనూ చెప్పాడు. వరస చివర అద్దాల గది ఉంది. లోపల గోడలకి నల్ల స్పాంజి. ఒక మనిషికే చోటు. నాన్న ఇస్త్రీ చొక్కాతో అందులో నిలబడ్డాడు. మోటారు రబ్బరు దిమ్మ మీద పెట్టి, స్విచ్చి వేసి, కళ్ళు మూసుకుని, "పోనీ" అనేవాడు. అప్పుడది డబ్బాలోకి వెళ్తుంది. "ఉంచు" అంటే విప్పేవాళ్ళ బల్ల మీదకి వెళ్తుంది. పోనీ, పోనీ, ఉంచు, పోనీ. కాలరు దగ్గర మైకు ఎర్రగా మెరుస్తోంది. ఆయన మాట బయట స్పీకర్లో వినిపించింది. మోటారు శబ్దం మాత్రం అద్దం దాటి రాలేదు.

బస్సులో లెక్చరరు ఒక్కొక్కర్నీ లేపి, ఏం నేర్చుకున్నారని అడిగాడు. ఆయన పద్ధతి అది. ఒకడు క్యాంటీను మన కాలేజీకంటే బాగుందని నేర్చుకున్నానన్నాడు. ఒకమ్మాయి మనుషులు లేని చోట యంత్రాలు ఎంత శుభ్రంగా ఉన్నాయో, యంత్రాలు లేని చోట మనుషులు ఎంత మాట్లాడుకుంటున్నారో చూశానంది. అమ్మడు, ఆఖరి గదిలో ఉన్నది మా నాన్న అని చెప్పింది. బస్సంతా చప్పట్లు కొట్టింది.

తర్వాతి వారం టెక్నాలజీ కంపెనీకి వెళ్ళారు. అక్కడ గీతలు లేవు. తివాచీ ఉంది. నడిస్తే చప్పుడు కాలేదు. స్వెటరు వేసుకున్న ల్యాబు ఇంజనీరు వాళ్ళని ఒక గదిలోకి తీసుకెళ్ళింది. బల్లమీద మోటార్లు, పక్కన తెర.

"యంత్రానికి మొదట ఏమీ తెలియదు," అంది ఆమె. "మోటారు శబ్దం వినిపిస్తాం. పక్కనే, దాన్ని విని మనిషి ఏమన్నాడో చెప్తాం. అలా కొన్ని వేలు వింటే దానికే తెలుస్తుంది. ఇంక ఆ మనిషి అక్కర్లేదు."

"మనిషి తప్పు చెప్తే మేడమ్?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"మాకు విని చెప్పే ఆయన తప్పు చెప్పరు. పని మొదలుపెట్టిన రోజునుంచీ అదే గది. మేము ఆయన్ని కలవలేదు, పేరు కూడా తెలియదు. ఫ్యాక్టరీ నుంచి రికార్డింగులు, వాటితో కొన్ని మోటార్లు వస్తాయి, అంతే. ఆయన మాట ఉన్న ఫైలుకి మేము పెట్టుకున్న పేరేంటో తెలుసా? నిజం."

ఆమె ఒక బటను నొక్కింది. మోటారు తిరిగిన శబ్దం. తర్వాత నాన్న గొంతు.

"పోనీ."

తెరమీద పచ్చరంగు వచ్చింది. యంత్రం కూడా పోనీ అందన్నమాట.

"ఇది ఉంచాలి," అంది అమ్మడు.

ఆ మాట అనాలని అనుకోలేదు. చిన్నప్పుడు నాన్న ఆమెని ఫ్యాను కింద నిలబెట్టి, ఇందులో ఎన్ని చప్పుళ్ళున్నాయో చెప్పు అనేవాడు. ఎవరైనా అడిగితే పేరు చెప్పినట్టు ఈ మాటా అలాగే వచ్చింది. మోటారు మూలుగు వెనక సన్నగా కీచుమంటోంది. పళ్ళెం మీద చెంచా గీసినట్టు.

ఇంజనీరు నవ్వి, అదే మోటారు తెప్పించి విప్పించింది. బేరింగులో ఒక గోళీ పొక్కిపోయి ఉంది. వేలితో తిప్పితే ఇసుక తగిలినట్టు తగిలింది. అప్పుడు నవ్వు ఆపింది.

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టకుండానే మిగతావాళ్ళు టీకి వెళ్ళారు. అమ్మడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంకా కొన్ని విన్నది. నాన్న పోనీ అంటాడు. ఆమె ఉంచాలి అంటుంది. నాన్న పోనీ అంటాడు. ఆమె ఉంచాలి అంటుంది. మధ్యలో ఆయన దగ్గు. ఒకసారి ఎవరితోనో, "మా అమ్మాయి కాలేజీ నుంచి వస్తున్నారు, రేపు ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి" అన్నాడు. అదీ రికార్డయింది.

ఇంజనీరు తెరమీద మోటారుకొకటి చొప్పున చుక్కలు చూపించింది. గుర్రుమనే శబ్దాలన్నీ ఆయన పట్టుకున్నాడు. కీచుమనేవన్నీ వదిలేశాడు.

"ఈయనకి పై స్వరాలు వినిపించట్లేదు," అంది, బ్యాటరీ అయిపోయిందని చెప్పినట్టు. "ఆ రొదలో పనిచేస్తే ముందు పోయేవి అవే. ఆయనకే తెలిసి ఉండదు. మా యంత్రం ఆయన దగ్గర వినడంతో పాటు వినిపించకపోవడం కూడా నేర్చేసుకుంది." తర్వాత అడిగింది. "నువ్వు ఇక్కడ చేరతావా? ఈయన మాటలన్నీ మొదట్నుంచి విని, ఎక్కడ తప్పో గుర్తుపెట్టాలి. అంతే పని."

నీకీ వినడం ఎలా వచ్చిందని ఆమె అడిగింది. ఇంట్లో ఫ్యాన్లు విని, అంది అమ్మడు.

బస్సులో లెక్చరరు మళ్ళీ లేపాడు. "నువ్వేం నేర్చుకున్నావమ్మా?"

"బేరింగు పాడయ్యే ముందు సన్నటి చప్పుడు వస్తుంది సార్."

"వెరీ గుడ్. కూర్చో."

కూర్చుంది. నాన్న చెప్పే పాఠాలు కొత్తవాళ్ళకేననీ, ఆ కొత్తవాళ్ళు మనుషులు కారనీ ఇంట్లో చెప్పలేదు. ఒక మోటారులో లోపం పట్టానని, ఉద్యోగం ఇస్తామన్నారని మాత్రం చెప్పింది. ఎవరు పంపిన మోటారని ఎవరూ అడగలేదు.

*

అమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది. అమ్మడు పక్కన నిలబడి కడుగుతోంది. వీధి తలుపు తెరిచిన చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు అయ్యాయి. నాన్న తిరిగొచ్చాడు. లోపలికి రాలేదు.

"అమ్మా."

"ఊఁ."

"నాన్నకి సరిగ్గా వినపడట్లేదు."

అమ్మ చేతిలో గిన్నె ఆగలేదు. అడుగు మాడిన చోట పీచుతో గట్టిగా రుద్దింది.

"తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"కాలింగు బెల్లు మార్చాను చూడు, అప్పటికే తెలుసు. పాతది పిట్టలా కూసేది. ఎన్నిసార్లు కూసినా లేచేవారు కారు. చెడిపోయిందని చెప్పి బొంగురుగా మోగేది పెట్టించాను. ఎడమపక్క నిలబడి మాట్లాడితే సగమే అందుతుంది."

"ఆయనతో ఎందుకు చెప్పలేదు?"

"వంటమనిషికి నాలుక పోయిందని ఎవరు చెప్తారే?"

అమ్మడు గిన్నె కింద గిన్నె బోర్లించింది. ఆ తర్వాత మిగతాది చెప్పింది. మైకు పెట్టించిన కంపెనీ, తనని పిలిచిన కంపెనీ ఒక్కటేనని. ఆ గదిలో తను విన్నది ఎవరి గొంతో. తనకి ఇస్తామన్న పని ఏమిటో. పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది. గొంతు వణకలేదు. వణికితే బాగుండేదని అనిపించింది, అంతే.

అమ్మ కొళాయి కట్టేసింది.

"అయితే నువ్వు చేరు," అంది.

"ఏంటీ?"

"చేరు. నువ్వు చేరకపోతే ఇంకెవరో చేరతారు. వాళ్ళు ఆయన తప్పులన్నీ ఏరి బయటపెడతారు. నువ్వైతే చూసీ చూడనట్టు పోతావు. ఆయన పోనీ అంటే నువ్వూ పోనీ అను. ఎవరికి తెలుస్తుంది?"

"ఆ మోటార్లు లిఫ్టులకి వెళ్తాయమ్మా."

"ఇన్నాళ్ళూ వెళ్ళలేదా?"

"యంత్రం కూడా అలాగే నేర్చుకుంటుంది."

"నేర్చుకోనీ. దానికి ఇల్లుందా, సంసారముందా? అది తప్పు చేస్తే ఎవరి తల తీస్తారు?"

"మామయ్య చెప్పింది విన్నావుగా. ఎవరో ముసలావిడ..."

"విన్నాను," అంది అమ్మ. "ఆవిడకి దెబ్బ తగల్లేదన్నాడు. అదీ విన్నాను."

అమ్మ చేతులు చీరకొంగుకి తుడుచుకుని, తుడుచుకున్న చేతులే మళ్ళీ తుడుచుకుంది.

"నేను అడగకూడనిది అడిగానని నాకూ తెలుసు," అంది మెల్లగా. "ఆ గది తీసేస్తే ఆయన పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తారు? అది చెప్పు ముందు."

అమ్మడు ఆఖరి గిన్నె బోర్లించింది.

ముందుగదిలో ఫోన్ మోగింది. అమ్మ ఫోను. అమ్మడు తడి చేతులతోనే పరుగెత్తింది. అప్పటికే బల్లమీద వెలుగు చూసి నాన్న అందుకున్నాడు. ఎప్పటిలాగే స్పీకరు నొక్కి ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"చెప్పండమ్మా. నేను అమ్మాయి నాన్నని. మా దానికి కాస్త మొహమాటం, ఏమీ అనుకోకండి. ఇంక ఆలోచించేదేమీ లేదు, వస్తుంది. మా వంశంలోనే ఉంది వినడం. నాదీ అదే పని."

అవతలనుంచి మాట రాలేదు. అమ్మడు మధ్యగది గుమ్మంలో ఆగిపోయింది.

"హలో? ఉన్నారా? పోనీ, తర్వాత చేస్తారా?"

"సార్," అంది ఇంజనీరు. ఆగింది. "సార్, ఒకసారి అమ్మాయికి ఇస్తారా?"

నాన్నకి సరిగ్గా అందలేదు. ఫోను దగ్గరికి తెచ్చుకుని, చెవి వంచి, కూతురి వైపు చూశాడు. ఆమె వచ్చి తీసుకుని స్పీకరు ఆపింది.

"ఆయన మీ నాన్నగారా?" అంది ఇంజనీరు.

"అవును."

"నెలల తరబడి వింటున్న గొంతు. ఒక్క మాటకే తెలిసిపోయింది. ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

అమ్మడు ఫోను ఇంకో చెవికి మార్చింది.

"తెలిసుంటే ఈ పని నీకు ఇస్తానని అనేదాన్ని కాను. ఇప్పుడూ ఇవ్వలేను. ఇంకొకరికి ఇస్తాం. రేపు పొద్దున్న మీటింగులో ఫ్యాక్టరీవాళ్ళతో మాట్లాడుతున్నాను. ఇప్పటిదాకా పంపిన రికార్డింగులు ఎందుకు పనికిరావో వాళ్ళకి చెప్పాలి. చెప్పకుండా ఉండలేను. వాళ్ళు ఆయన్ని అందరి ముందు పిలుస్తారో, పక్కకి పిలుస్తారో నా చేతుల్లో లేదు." తర్వాత, "ఆయనకి తన చెవుల సంగతి తెలుసా?" అంది.

"లేదు."

"చెప్పడానికి ఈ సాయంత్రం ఉంది కదా," అని ఇంజనీరు పెట్టేసింది.

అమ్మ వచ్చి నాన్న కుర్చీ వెనక నిలబడింది. ఆయనకి కనిపించకుండా తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దు. మళ్ళీ ఊపింది.

"ఏమంది?" అన్నాడు నాన్న. ముఖం విప్పారి ఉంది. చొక్కా బొత్తాలు ఇంకా తప్పుగానే ఉన్నాయి. "ఎప్పుడు చేరమంది?"

"నాన్నా, నువ్వు రేపు సెలవు పెట్టు."

"రేపా? రేపు ఎలా కుదురుతుంది? మేనేజరు పొద్దున్నే రమ్మన్నాడు, ఏదో మీటింగట. మైకు సంగతే అయి ఉంటుంది. పోనీలే, మధ్యాహ్నం నుంచి పెడతాను. ఎందుకు? బట్టలు కొనుక్కుంటావా?"

"పొద్దున్నే కావాలి. ఫ్యాక్టరీకి వెళ్ళకముందే. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి."

ఆమె అరిచి చెప్పలేదు. గుసగుసగానూ చెప్పలేదు. ఆయనకి ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా చెప్పింది. కుర్చీ వెనక అమ్మ ఊపుతున్న తల ఆగిపోయింది.

నాన్న కుర్చీలోంచి లేచాడు. రెండు చేతులతో కూతురి తల పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, ముందు ఒక చెవిలోకి, తర్వాత రెండో చెవిలోకి చూశాడు.

"నీ చెవులకేమైందమ్మా?" అన్నాడు.